కూలింగ్ పేపరు

మా విడవలూరులో నల్ల కళ్ళజోడుని కూలింగ్ గ్లాసులు అంటారు. కారు అద్దాలకి అతికించే నల్లటి పొరని కూలింగ్ పేపరు అంటారు. అది పేపరు కాదు, పాలియెస్టర్. చాలాసార్లు పెద్దగా కూలింగూ కాదు. నలుపు రంగు వేస్తే చల్లదనం దానంతటదే వస్తుందన్న నమ్మకం ఆ పేరులోనే ఉంది. నాకు ఈ పేరు మీద మొన్నమొన్నటిదాకా ఏ పేచీ లేదు. పాత కారొకటి కొని, దానికి ఏ పొర వేయించాలో తేల్చుకోవాల్సి వచ్చినప్పుడు మొదలైంది.

కారు కొన్నది అమ్మ కోసం. అమ్మకి మూడేళ్ళ కిందట లూపస్ అని తేలింది. ఒంటిని కాపాడాల్సిన వ్యవస్థే ఒంటి మీద తిరగబడే జబ్బు. చాలామందిలో దానికి ఎండ పడదు. మొహం మీద, చేతుల మీద ఎర్రగా దద్దుర్లు లేస్తాయి, తర్వాత రెండు రోజులు కీళ్ళు పట్టేస్తాయి. నెల్లూరులో డాక్టరు దగ్గరికి ఆటోలో పోయొస్తే ఇట్లా అవుతోందని, మూసిన కారయితే సుఖంగా ఉంటుందని సెకండ్‌హ్యాండ్ బండి తీసుకున్నాం. ఏసీ ఉంది, అద్దాలెత్తి ఉంటాయి, ఇంకేం కావాలి? మూడో ప్రయాణానికి అమ్మ ఎడమ చెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా ఎర్రగా పొంగింది. కుడి చెయ్యి మామూలుగానే ఉంది.

కారణం భూగోళంలో ఉంది. విడవలూరు నుంచి కోవూరు మీదుగా పెన్నా దాటి నెల్లూరు పోవాలంటే మొత్తం మీద నైరుతి దిక్కుగా పోతాం. పొద్దున పూట ఎండ తూర్పు నుంచి ఎడమ పక్కన పడుతుంది. మధ్యాహ్నం మూడింటికి తిరిగొచ్చేటప్పుడు ఈశాన్యానికి మొహం, ఎండ పడమటి నుంచి. మళ్ళీ ఎడమ పక్కే. మన కార్లలో ముందు సీటు ప్రయాణికులు కూర్చునేదీ ఎడమ పక్కే. రోడ్డు వేసినవాళ్ళు, కారు చేసినవాళ్ళు, సూర్యుడు ముగ్గురూ కూడబలుక్కున్నట్టు.

అద్దం ఎత్తి ఉన్నా ఎందుకు తగిలిందంటే, కారు అద్దాలన్నీ ఒక రకం కావు. ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి చేస్తారు, పగిలినా ముక్కలు మొహం మీదికి రాకుండా. ఆ మధ్య పొర అతినీలలోహిత కిరణాలని దాదాపుగా ఆపేస్తుంది. పక్క అద్దాలు మామూలుగా ఒంటి పలక, వేడి చేసి ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరిచినవి. అవి అతినీలలోహితంలో యూవీ-బి అనే భాగాన్ని ఆపుతాయి, యూవీ-ఎ అనే భాగాన్ని చాలావరకు వదిలేస్తాయి. కంటికి రెండు అద్దాలూ ఒకేలా ఉంటాయి. అమ్మ చేతికి తేడా తెలిసింది.

ఆ తర్వాత అమ్మ ఒక తువ్వాలు తెచ్చి అద్దం సందులో ఇరికించి తెరలా వేలాడదీసింది. అది చూసి మా జేజి నవ్వింది. "మా అమ్మ ఇట్టనే తెర కట్టుకోని పుట్టింటికి పోయేది, బండ్లో. నీకు ఈ వయసులో వచ్చిందే గోషా!" అంది.

గోషా అనేది పారసీ మాట. మూల అని అర్థం, మూలన ఉండటం. మన జిల్లాలో కాస్త పొలమూ పుట్రా ఉన్న ఇళ్ళలో ఆడవాళ్ళని నలుగురి కంటపడనీయకపోవడం మర్యాద. అది ఎంత గట్టి మర్యాదంటే, మగ డాక్టరు ముందుకి రాలేని స్త్రీల కోసం 1885లో మద్రాసులో మేరీ షార్లీబ్ అనే డాక్టరు పూనుకుని ఆసుపత్రి పెట్టించినప్పుడు దాని పేరులోనే గోషా అన్న మాట చేరింది. ఇప్పటికీ పాతవాళ్ళు దాన్ని గోషాసుపత్రి అంటారు. రోడ్డు మీద ఈ మర్యాదని నిలబెట్టేది మేనా, అది లేనివాళ్ళకి గూడుబండి, ముందూ వెనకా గుడ్డ తెర. వెదురు గూడు ఎండని ఆపుతుంది, తెర చూపుని ఆపుతుంది. జేజి చెప్పినదాన్ని బట్టి ఆ తెర లోపల మే నెలలో ఉడికిపోవడమే. చూపుని ఆపితే గాలి కూడా ఆగిపోయేది.

ఎండ కోసం వేరే ఏర్పాటు ఉండేది: వట్టివేళ్ళ తడకలు. కిటికీకి కట్టి నీళ్ళు చల్లితే, వడగాలి వాటి గుండా వచ్చి చల్లబడి, కమ్మని వాసనతో లోపలికి వచ్చేది. దొరల బంగళాలలో దానికోసమే నీళ్ళు చల్లే మనుషులుండేవారు. అంటే మన ముందుతరాలకి ఇవి రెండూ వేరువేరు పనులని తెలుసు. వేడికి తడక, కంటికి తెర. ఎవరూ తెరని 'కూలింగ్ తెర' అనలేదు.

రెండూ ఒకటే అన్న భ్రమ పాలియెస్టర్‌తో వచ్చిందని నాకనిపిస్తుంది. 1941లో ఇంగ్లండులో క్యాలికో ప్రింటర్స్ అసోసియేషన్ అనే బట్టల అద్దకం కంపెనీలో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు రసాయనవేత్తలు ఈ పదార్థాన్ని కనిపెట్టారు. దారంగా తీస్తే మా నాయన పెళ్ళికి కుట్టించుకున్న టెర్లిన్ చొక్కా. సీసాగా ఊదితే మంచినీళ్ళ బాటిల్. పల్చటి రేకుగా సాగదీస్తే గాజంత స్వచ్ఛమైన పొర. ఆ పొర మీద అల్యూమినియం ఆవిరిని మెరుపులా పూసి కిటికీ అద్దానికి అంటించి ఎండని తిప్పికొట్టే పద్ధతికి 1966లో అమెరికాలో 3ఎం కంపెనీ పేటెంటు పొందింది. మొదట అది భవనాల కోసం. ఏసీ ఖర్చు తగ్గించుకోవడమే లక్ష్యం, చూపుకి సంబంధం లేదు. కార్లకి ఎక్కేసరికి రంగు అద్దిన చవక రకాలు వచ్చాయి. అద్దకం కంపెనీలో పుట్టిన పదార్థం మళ్ళీ అద్దకానికే చేరిందన్నమాట. మన దేశంలో ఔరంగాబాదులో గార్‌వేర్ వాళ్ళు ఇవి పెద్ద ఎత్తున తయారుచేసి విదేశాలకి కూడా పంపుతున్నారు.

రంగు పొర ఏం చేస్తుందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే తర్వాత కోర్టు దాకా వెళ్ళిన గొడవంతా ఇక్కడే ఉంది. నేల మీద పడే ఎండలోని శక్తిలో సుమారు సగం పరారుణం, అంటే కంటికి కనపడని వేడి. నలభై శాతం పైచిలుకు కంటికి కనిపించే వెలుగు. మిగిలిన అయిదు శాతం లోపు అతినీలలోహితం. మామూలు నల్ల రంగు కనిపించే వెలుగుని తాగేస్తుంది, పరారుణాన్ని చాలావరకు పోనిస్తుంది. తాగిన వెలుగు వల్ల అద్దం కాగుతుంది, కాగిన అద్దం ఆ వేడిలో కొంత లోపలికే వదులుతుంది. నలుపుకి వేడి తగ్గించే గుణం అసలు లేదని కాదు, ఉంది. మన కంటికి కనిపించేంత లేదు, అంతే. లోపల చీకటిగా ఉంటే చల్లగా ఉన్నట్టు మనసు నమ్మేస్తుంది. పైగా ఆ రంగులు అన్నీ ఒకే వేగంతో వెలిసిపోవు. రెండు మూడు వేసవులకి నల్ల పొర వంగపండు రంగులోకి తిరిగి బుడగలు లేస్తే, అది అందుకే.

అయినా జనం నల్లదే అడిగారు. ఎందుకంటే ఈ పొర గూడునీ తెరనీ ఒకే రేకులో ఇచ్చింది, పైగా గోషాని తిరగేసింది. పాత గోషాలో కనపడకూడనివాళ్ళు ఆడవాళ్ళు. నల్లద్దాల కారులో కనపడకుండా ఉండే హక్కు పెద్దమనిషిది. 1994లో టాటా సుమో వచ్చాక (ఆ కంపెనీ పెద్ద సుమంత్ మూల్గావ్‌కర్ పేరులోంచి తీసిన పేరది, జపాను కుస్తీకి సంబంధం లేదు) మన సినిమాల్లో నల్లద్దాల సుమోలు వరసగా దుమ్ము లేపుకుంటూ వస్తే ఎవరొస్తున్నారో చెప్పక్కర్లేదు. అద్దం దిగితేనే మొహం. అద్దం దించడమే ఒక దయ. నేను ఇంటర్ చదివేటప్పుడు మా ఊళ్ళో రొయ్యల గుంటల మీద డబ్బు చూసినవాళ్ళు కారు కొన్న వారంలోపే కూలింగ్ పేపరు వేయించేవారు. లోపల కూర్చున్నది మా క్లాస్‌మేట్ వాళ్ళ నాన్నే అని అందరికీ తెలుసు, అయినా.

ఇక్కడొక విషయం చెప్పకుండా ముందుకి పోలేను. పుచ్చలపల్లి సుందరయ్య పుట్టిన అలగానిపాడు మా విడవలూరు మండలంలోనే ఉంది. 1913 మే 1న పుట్టారు, భూమి ఉన్న కుటుంబం. 1952లో రాజ్యసభకి వెళ్ళి, ఢిల్లీలో పార్లమెంటుకి సైకిలు మీద పోయేవారన్న సంగతి మా వైపు చిన్నపిల్లలకి కూడా చెబుతారు. ఆయన రాజకీయాలతో ఒప్పుకునేవాళ్ళూ ఒప్పుకోనివాళ్ళూ ఇద్దరూ చెబుతారు. సైకిలుకి అద్దమే లేదు. ఒక నాయకుడి మొహం రోడ్డు మీద ఎవరికైనా కనపడటం అనేది మా మండలం వాళ్ళకి ఎరుగని సంగతేమీ కాదు. మరి తర్వాతి రెండు తరాల్లో నల్లద్దం గౌరవానికి గుర్తు ఎట్లా అయిందో.

2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు దీని మీద తీర్పు చెప్పింది. కలకత్తాకి చెందిన అవిషేక్ గోయెంకా అనే పౌరుడు వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం అది. నల్ల పొరల వెనక కిడ్నాపులు, అత్యాచారాలు, దోపిడీలు జరుగుతున్నాయి, పోలీసులకి లోపల ఎవరున్నారో తెలియడం లేదు అని ఆయన వాదన. (ఈయనే మొబైల్ సిమ్ కార్డులు ఎవరికి ఇస్తున్నారో సరిగ్గా తనిఖీ చెయ్యాలని ఇంకో కేసు కూడా వేశారు. మొహం దాచుకునే వీలు ఎక్కడున్నా పట్టుకునే మనిషి.) ప్రధాన న్యాయమూర్తి ఎస్.హెచ్. కపాడియా, జస్టిస్ ఎ.కె. పట్నాయక్, జస్టిస్ స్వతంతర్ కుమార్‌ల ధర్మాసనం ఆయనతో ఏకీభవించింది.

1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో 100వ నియమం ప్రకారం ముందు, వెనక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం వెలుగు పోవాలి. అప్పటిదాకా అందరూ దీన్ని "70, 50 ఉండే పొరలు వేసుకోవచ్చు" అని చదువుకున్నారు. కోర్టు వేరేగా చదివింది. ఆ లెక్క గాజుకి, తయారయ్యేటప్పుడే అది అట్లా ఉండాలి, తర్వాత దాని మీద నల్లదైనా తెల్లదైనా ఎంత శాతం పొరైనా అతికించడానికి వీల్లేదు అంది. మే 4 నుంచి అమలు. మా వైపు పంచాంగాల్లో చిన్న కర్తరి మొదలయ్యే రోజు అదే. ఏడాదిలో ఎండలు ముదిరే ఆ రోజు నుంచే దేశమంతా రోడ్ల మీద పోలీసులు బ్లేళ్ళతో పొరలు గీకడం మొదలైంది. తర్వాత పొరల తయారీదారులు, అమ్మకందారులు మళ్ళీ కోర్టుకెళ్ళి, మావి వెలుగుని పోనిస్తాయి, వేడినీ హాని చేసే కిరణాలనీ ఆపుతాయి అని చెప్పుకున్నారు. ఆగస్టు 3న అదీ కొట్టేశారు.

ఆ తీర్పు వెనక భయం నిజమైనది. అదే ఏడాది డిసెంబరు 16న ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరం తర్వాత, ఆ బస్సుకి నల్లద్దాలూ తెరలూ ఉన్నాయని బయటపడ్డాక, పొరల నిషేధం ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. నాకూ లేదు. కానీ తీర్పులో ఒక ముడి ఉండిపోయింది. కంపెనీవాళ్ళు ఫ్యాక్టరీలోనే గాజుని 50 శాతానికి రంగు కలిపి చేస్తే తప్పు లేదు. నేను నా పాత కారు తెల్ల గాజుకి పొర వేసి అదే 50 శాతానికి తెస్తే తప్పు. బయట నిలబడ్డ పోలీసుకి రెంటిలోనూ ఒకేలా కనిపిస్తుంది. అంటే కొత్త ఖరీదైన కారు కొన్నవాడికి చల్లదనం చట్టబద్ధం, సెకండ్‌హ్యాండ్ వాడికి కాదు. రెండు పలకల మధ్య ఉన్న ప్లాస్టిక్ భద్రత, గాజు మీదున్న ప్లాస్టిక్ నేరం. చూపుని ఆపొద్దు అన్నంతవరకే చెప్పి ఊరుకుని ఉంటే సరిపోయేది. కోర్టు కూడా మా ఊరివాళ్ళలాగే కూలింగునీ నలుపునీ ఒకే మాట కింద కట్టేసింది.

ఆ ముడి విప్పడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. 100వ నియమాన్ని సవరించి, 2021 ఏప్రిల్ 1 నుంచి భద్రతా గాజుతో పాటు 'సేఫ్టీ గ్లేజింగ్' అనే మాట చేర్చారు. లోపలి వైపు ప్లాస్టిక్ పొర ఉన్న అద్దం కూడా దాని కిందికి వస్తుంది. దానికి ఐఎస్ 2553 రెండో భాగం కొలమానం. 70, 50 హద్దులు అలాగే ఉన్నాయి. 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు ఇదే ఆధారంగా, ఆ హద్దులు దాటని పొర వేసుకుంటే జరిమానా వెయ్యడానికి వీల్లేదని చెప్పింది. 2012 తీర్పు పాత నియమం మీద వచ్చిందని దాని తర్కం. నాకు సబబుగానే అనిపించింది. అయితే కేరళ హైకోర్టు మాట మన రోడ్ల మీద చేతిలో చలానా యంత్రం పట్టుకున్న ప్రతి కానిస్టేబుల్‌నీ ఆపదు. ఈ మధ్యలో, 2022లో హైదరాబాదులో పోలీసులు వరసగా సినిమా నటుల కార్లాపి నల్లపొరలు పీకి ఏడొందలు చొప్పున జరిమానా వేసినప్పుడు టీవీల్లో పండగ చేసుకున్నారు. తెర తీస్తే హీరో కనపడ్డాడని కాబోలు.

మాకు ఆగింది మాత్రం తువ్వాలు దగ్గర. ఒకచోట తనిఖీలో ఆపి "లోపలేముందమ్మా, తియ్యండి" అన్నారు. అమ్మ తీసి, ఎర్రటి చెయ్యి చూపించింది. అతను పాపం ఇబ్బందిపడి పొమ్మన్నాడు. ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను.

లెక్క తేలికే, కానీ షాపులవాళ్ళు చెప్పరు. పొర మీద రాసిన శాతం ఒక్కటే చాలదు, గాజు శాతంతో గుణించాలి. మినీ బైపాసు దగ్గర షాపులో మీటరు పెట్టి చూస్తే మా పక్క అద్దం 76 చూపించింది. 50 రాసి ఉన్న పొర వేస్తే 76లో సగం, 38. నేరం. 70 పొర వేస్తే 53. సరిపోతుంది, మూడు పాయింట్లు మిగులు. ముందు అద్దం 77, దానికి 90 పొర వేసినా 69కి పడిపోతుంది. ఒక్క పాయింటు తేడాతో నేరం. ఎలాగూ దాని మధ్య పొర యూవీని ఆపుతోంది కాబట్టి ముట్టుకోలేదు. వెనకద్దానికీ 70 హద్దే, అమ్మ కూర్చునేది ముందు, అదీ వదిలేశాం. ఇక పక్కలకి లోహపు ఆక్సైడ్ల సన్నటి నలుసులు కలిపిన సిరామిక్ రకం. కనిపించే వెలుగుని వదిలి పరారుణాన్ని ఎక్కువగా పట్టుకుంటుంది, యూవీని 99 శాతం ఆపుతుందని కంపెనీ కాగితం. నల్ల రకానికి మూడింతల ధర. షాపతను చివరిదాకా "అన్నా, ఈ డబ్బుకి ఏమీ కనపడదు, చుట్టాలు అడిగితే ఏం చూపిస్తావు?" అంటూనే ఉన్నాడు.

పని మాత్రం ముచ్చటగా చేశాడు. ముందు ఫ్యాను ఆపి, నేల తడిపి దుమ్ము అణచాడు. మా సముద్రపు గాలిలో సన్న ఇసుక ఎప్పుడూ ఉంటుంది, ఒక్క రేణువు ఇరుక్కుంటే పొక్కులా నిలిచిపోతుంది. అద్దం బయటి వైపు పొర పరచి, గాజు వంపుకి తగ్గట్టు హీట్ గన్‌తో వేడి చేసి ముడుచుకునేలా చేసి, అంచులు బ్లేడుతో కోశాడు. తర్వాత లోపలి వైపు షాంపూ నీళ్ళు కొట్టాడు. జిగురు వైపున్న రక్షణ పొర లాగేసి, ఆ జారుడు మీద దాన్ని అటూ ఇటూ జరిపి సరిపెట్టాడు. నీళ్ళుంటేనే జరపగలం, పొడిగా అంటితే అక్కడే చచ్చినట్టు ఉండిపోతుంది. ఆఖరికి రబ్బరు పలకతో మధ్యలోంచి అంచులకి నీళ్ళు గీకేశాడు. "నాలుగు రోజులు అద్దాలు దించొద్దు, తడి ఆరాలి" అని తలుపు మీద టేపు కూడా అంటించాడు.

కోవూరులో అరటిపళ్ళ బండి కనపడగానే నాయన అద్దం దించాడు. కింది మూల ఒక అంగుళం లేచింది. ఇప్పటికీ అట్లాగే ఉంది.

నాలుగు నెలలయింది. ఎడమ చెయ్యి మామూలుగా ఉంది. డాక్టరు మందు మోతాదు కూడా మార్చారు కాబట్టి గెలుపంతా పొరదేనని చెప్పను. అమ్మ తువ్వాలు మానేసింది. నాయనకి మాత్రం మనసు కుదరలేదు. "అంత డబ్బు పోసి తెల్లద్దానికి తెల్లద్దం వేయించినావు" అంటాడు. మొన్న కార్తీక సోమవారం రామతీర్థం పోతుంటే, దారిలో ఊటుకూరు నుంచి వస్తున్న అమ్మ స్నేహితురాలు అద్దంలోంచి అమ్మని గుర్తుపట్టి, చెయ్యడ్డం పెట్టి బండి ఆపింది. కూతురి కాన్పు, అల్లుడి ఉద్యోగం, ఇంటి మీద రేకులు లేచిపోవడం, అన్నీ అయ్యేసరికి అరగంట. నాయన స్టీరింగ్ మీద వేళ్ళు కొడుతూ నా వైపు తిరిగి, "ఇందుకే అబ్బయ్యా, నల్లది వేయించమన్నా" అన్నాడు.